దీపాలమ్మాయి నోరు మూసుకున్న మూడు వారాలు

నలభై దాటి రెండేళ్ళయినా ఆ వీధిలో అందరికీ ఆమె దీపాలమ్మాయే. ఇంటి ముందుగదినే దుకాణంగా మార్చుకుని, సన్నటి తీగతో చట్రాలు వంచి, వాటికి పల్చటి కాగితం అతికించి దీపాలు చేసేది. మామూలు గుండ్రటి దీపాలు కావు. నోరు తెరిచిన చేపలు, రెక్క విదిలించబోతున్న కొంగలు, వానకు ముందు బరువుగా కిందికి దిగిన మబ్బులు. లోపల బల్బు వెలగగానే కాగితంలోని నారలన్నీ నరాల్లా తేలి, ఆ చేప ఊపిరి పీలుస్తోందా అనిపించేది. రోడ్డున పోయేవాళ్ళు అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్ళు. పొద్దున్నే ఆ ముక్కుల మరకలు తుడవడం ఆమె మొదటి పని.

అంత పనితనం ఉన్న మనిషి ఈపాటికి నాలుగు డబ్బులు వెనకేసుకుని ఉండాలి. వెనకేసుకోలేదు. లోపం చేతిలో లేదు, నోట్లో ఉంది.

ఎవరైనా చేపదీపాన్ని చేతిలోకి తీసుకుని "ఎంతండీ?" అనగానే ధర చెప్పేది. చెప్పి ఊరుకుంటే బాగుండేది. వాళ్ళు ఇంకా తలెత్తకముందే, "అంటే... తోక దగ్గర కాస్త వంకరగా వచ్చిందిలెండి. ఓ రెండొందలు తగ్గించి ఇవ్వండి, పర్వాలేదు," అనేది. అప్పటిదాకా వాళ్ళకు ఆ వంకర కనిపించేది కాదు. చెప్పాక కనిపించేది. తోకను అటూ ఇటూ తిప్పి చూసి, "అవునండోయ్!" అని ఇంకో వంద తగ్గించమనేవాళ్ళు. ఆమె తగ్గించేది. పైగా మిగిలిన కాగితం ముక్కలతో చేసిన చిన్న సీతాకోకచిలకను ఊరికే చేతిలో పెట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపేది.

భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. "నేను పొద్దస్తమానం మనుషుల్ని పైకి పంపుతుంటాను, నువ్వేమో కూచున్నచోటే ధరల్ని కిందికి దింపుతుంటావు," అని వేళాకోళం చేసేవాడు. కానీ తీగకీ కాగితానికీ నెలనెలా అతని జీతంలోంచే పోతోంది. అందుకే ఆ నవ్వు ఈమధ్య పెదాల దాకా వచ్చి ఆగిపోతోంది. ఒకరోజు మెల్లగా, "ఈ ముందుగది ఎవరికైనా అద్దెకిచ్చేద్దామా? దీపాలు సరదాకి చేసుకోవచ్చుగా," అన్నాడు.

సరదాకి అన్న మాట ఆమెకు ముల్లులా దిగింది. ఆ వారమే జరిగిన చేతిపనుల ప్రదర్శనలో ఓ బల్ల అద్దెకు తీసుకుని, రెండు రోజులపాటు కసిగా అమ్మింది. పక్కనే లౌడ్‌స్పీకర్లు హోరెత్తిస్తుంటే వాటిని మించి అరిచింది. తీరా చూస్తే అమ్మిన దీపాలకంటే చెప్పిన సారీలే ఎక్కువ.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే భర్తను పిలవబోతే, నూనె లేని తలుపు చప్పుడులాంటిది ఒకటి వచ్చింది తప్ప మాట రాలేదు.

గొంతు డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, తల అడ్డంగా ఊపింది. "లోపలంతా వాచిపోయింది. మూడు వారాలు మౌనం. గుసగుసలు కూడా వద్దు, అవి అరుపులకంటే చెడ్డవి. అర్థమైందా?"

ఆమె "అర్థమైందండీ" అనబోయింది.

"అదుగో, అదే వద్దంటున్నా," అంది డాక్టరమ్మ.

దుకాణం మూసేద్దామంటే నెల మధ్య. భర్తకు సెలవు దొరకదు. ఇంట్లో ఉన్నది ఇంకొక్కరే, మేడమీద గదిలో ఉండే అత్తగారు. రైల్వే స్టేషనులో టికెట్ల కిటికీ వెనక ముప్పయ్యేళ్ళు కూర్చుని రిటైరైన మనిషి. కిటికీ అవతలివాళ్ళు ఏడ్చినా నవ్వినా తిట్టినా ఆవిడ చెప్పిన అంకె మారేది కాదు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఏది అడిగినా రెండు మాటల్లో తేల్చేసేది. దూరాన రైలు కూత వినిపిస్తే గోడగడియారం వంక చూసి "లేటు" అనేది, అంతే.

"నేను కూచుంటాలే," అంది అత్తగారు. "ఏముంది అందులో? వాళ్ళు అడుగుతారు, మనం చెప్తాం."

కోడలికి ఈ ఏర్పాటు నచ్చలేదు. కానీ వద్దనడానికి నోరు లేదు.

మొదటిరోజు పళ్ళ డాక్టరొకావిడ వచ్చింది. కొత్తగా ఆస్పత్రి పెట్టుకుందట, రోగులు కూర్చునే గదికి మబ్బుదీపం కావాలంది. ఉన్నవాటిలో పెద్ద మబ్బును దింపించి, చుట్టూ తిరిగి చూసి, "ఎంత?" అంది.

కోడలు అట్టముక్క మీద అంకె రాసి చూపించింది. అత్తగారు చదివింది.

"పదహారు వందలు."

ఆ తరువాత దుకాణంలో ఎవరూ మాట్లాడలేదు. పళ్ళ డాక్టరు మబ్బువంక చూస్తోంది. అత్తగారు పళ్ళ డాక్టరు వంక చూస్తోంది. కోడలికి మాత్రం చెవుల్లో హోరు. ఇన్నేళ్ళలో ధర చెప్పిన తరువాత ఇంతసేపు నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ తనే నింపేసేది. మబ్బు వెనకవైపు రెండు కాగితాలు కలిసేచోట అతుకు కనిపిస్తోందని చెప్పకపోతే మోసం చేసినట్టు కాదూ? ఉండబట్టలేక ముందుకు వంగి, ఆ అతుకును వేలితో చూపించింది.

పళ్ళ డాక్టరు వంగి చూసింది. "ఓహో, ఇది చూపిస్తున్నారా! నాకు తెలుసండీ దీని కష్టం. నేను రోజంతా చేసేది ఇదే కదా, అతుకు పెట్టడం, పెట్టింది కనపడకుండా చూసుకోవడం. ఎంత చక్కగా చేశారో! రెండు ఇవ్వండి."

ఆవిడ వెళ్ళిపోయాక కోడలు కుర్చీలో కూలబడింది. అత్తగారు డబ్బు డ్రాయర్లో పెట్టి తాళం వేసి, "ఆ మబ్బును చెయ్యడానికి ఎంతసేపు పట్టింది?" అంది.

కోడలు మూడు వేళ్ళు చూపించింది.

"మూడు గంటలా?"

తల అడ్డంగా ఊపి, అట్ట మీద 'రోజులు' అని రాసింది.

అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుంది. తీగ ఎంత, కాగితం ఎంత, బల్బెంత అని ఒక్కొక్కటీ అడిగింది. నోటిలెక్కలోనే తీసేసింది. చివరికి, "వీధి చివర కార్లు తుడిచే ఆయనకి ఇంతకన్నా ఎక్కువ వస్తుందే అమ్మాయ్! ఆయనకి కనీసం జిగురు కొనక్కర్లేదు," అంది. ఆ సాయంత్రమే ప్రతి దీపానికీ కొత్త చీటీ వేలాడింది. ఆ చీటీలు చూసి భర్త రెండు కళ్ళూ నులుముకున్నాడు.

అలవాటైన కొనుగోలుదార్లకు ఇది మింగుడుపడలేదు. వారానికోసారి వచ్చి బేరమాడే ఒకావిడ చీటీ చూసి, మూతి ముడుచుకుని, విసవిసా వెళ్ళిపోయింది. కోడలు ఆవిడ వెంట పరుగెత్తబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూచో. నేను మేడమీంచి ఏడాదిగా చూస్తున్నా. వారం వారం వస్తుంది, గంటసేపు నీ బుర్ర తింటుంది, వెళ్ళిపోతుంది. ఎప్పుడన్నా ఒక్కటి కొన్నదా?"

కోడలు ఆలోచించింది. నిజమే. ఆవిడ పుణ్యమా అని ఊరికే ఇచ్చిన సీతాకోకచిలకలు ఖర్చయ్యాయి గానీ, రూపాయి వచ్చింది లేదు.

ఇంకో రోజు ఓ కుర్రాయన తన అపార్టుమెంటు కోసం చెప్పి చేయించుకున్న కొంగదీపం తీసుకుపోవడానికి వచ్చి, పూర్తయిన దీపాన్ని చూసి, రెక్కలు మూసుకుని ఉంటే బాగుంటుందేమో, మార్చి ఇస్తారా అన్నాడు. మామూలుగా అయితే కోడలు రెండు రోజులు కూర్చుని, మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చేది.

"టికెట్టు తీసుకున్నాక ఊరు మార్చుకుంటే ఇంకో టికెట్టు కొనుక్కోవాలి బాబూ," అంది అత్తగారు.

కుర్రాయన నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. అతను కాసేపు కొంగవంకా, కాసేపు అత్తగారి వంకా చూసి, "తెరిచి ఉన్నవే బాగున్నాయిలెండి," అని పట్టుకుపోయాడు.

ఇక సీతాకోకచిలకల సంగతి. బల్ల కింద డబ్బానిండా ఉన్న వాటిని చూసి అత్తగారు "ఇవెంత?" అని అడిగింది. కోడలు 'ఊరికే' అని రాసింది.

"ఊరికే అనేది ధర కాదు."

ఇరవై చిలకల్ని ఒకే తీగకి గుచ్చి, మధ్యమధ్యన చిట్టి బల్బులు పెట్టించి, ఆ దండను కిటికీకి అడ్డంగా కట్టించింది. పారేసే ముక్కలతో, ఒక సాయంత్రంలో అయిపోయే పని. పెద్ద చేపను కొనలేనివాళ్ళు కూడా ఇలాంటి దండ ఒకటి కొనుక్కుని సంతోషంగా వెళ్ళేవాళ్ళు. వారం తిరిగేసరికి డబ్బా ఖాళీ అయింది. తీగ, కాగితం మళ్ళీ తెప్పించాల్సి వచ్చినప్పుడు అత్తగారు డ్రాయరు తెరిచి, కొడుకు జేబు జోలికి పోకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. కోడలు ఆ నోట్లను కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. లోలోపల పొంగిపోయింది, చిన్నబోయింది కూడా. తన దుకాణం తన నోరు మూతపడ్డాకే బాగుపడిందన్న సంగతి మింగడం అంత తేలికేం కాదు.

రెండో వారంలో ఓ పెద్ద హోటలు మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆరంతస్తుల హోటలు, అంతస్తుకి పది గదులు, ప్రతి గది తలుపు పక్కనా ఒక దీపం. మొత్తం అరవై. అన్నీ గొట్టంలా నిలువుగా, మీగడ రంగులో, ఏ బొమ్మా లేకుండా, ఒకదానికొకటి తేడా తెలియకూడదు. సగం డబ్బు ముందే ఇస్తానన్నాడు.

వెనకాల నిలబడి కోడలు రెండు చేతులూ ఊపింది. వద్దు, వద్దు, వద్దు.

"ఆవిడ అంతేనండీ," అంది అత్తగారు మేనేజరుతో, "మొహమాటం ఎక్కువ." డబ్బు పుచ్చుకుని డ్రాయర్లో పెట్టేసింది.

కోడలు గొట్టాలు మొదలుపెట్టింది. మొదటిది బాగానే వచ్చింది. రెండోది మొదటిదానిలాగే వచ్చింది. పన్నెండోది అయ్యేసరికి చేతులు తనవి కానట్టు అనిపించింది. కొంగ మెడ వంచుతున్నప్పుడు తీగతో ఓ రకం కబుర్లు నడిచేవి. ఎటు వంగుతావు, ఎక్కడ ఆగుతావు అని. గొట్టంతో మాట్లాడటానికి ఏముంటుంది? గోడకి ఆనించిన గొట్టాల వరుస చూస్తుంటే నీళ్ళ పైపులమ్మే కొట్టులో ఉన్నట్టుంది. కిటికీలో చేపలన్నీ అమ్ముడైపోయాయి, కొత్తవి చెయ్యడానికి తీరిక లేదు. అద్దం మీద ముక్కు మరకలు తగ్గిపోయాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అణుచుకోలేకపోయింది. పెద్ద అట్ట తీసుకుని లావుపాటి పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. అత్తగారి కళ్ళద్దాలు మేడమీద ఉండిపోయాయి. అట్ట భర్త చేతికి వచ్చింది.

అతను గొంతు సవరించుకుని, లిఫ్టులో అంతస్తులు చెప్పే గొంతుతో, ఏ భావమూ లేకుండా చదివాడు. "నన్ను అడక్కుండా ఎందుకు ఒప్పుకున్నారు, అంటోంది."

"అడిగితే ధర తగ్గించేది," అంది అత్తగారు.

కోడలు గబగబా రాసింది. "చేసేది నేను, మీరు కాదు, అంటోంది."

"అమ్మేది నేను. రెండు వారాల్లో ఎంతొచ్చిందో చెప్పు."

"డబ్బు గురించి కాదు, అంటోంది. నేను యంత్రాన్ని కాను, అంటోంది. అమ్మా, దీని కింద రెండు గీతలు కూడా గీసింది."

"చూపించు."

చూపించాడు. అత్తగారు కళ్ళు చికిలించి గీతల్ని చూసింది. "ఇప్పుడు ఎంత గట్టిగా అరుస్తోందో! పాపం, డాక్టరమ్మ వద్దన్నా వినటం లేదు," అంది.

భర్తకు నవ్వాగలేదు. కోడలికీ వచ్చింది, కానీ నవ్వితే కూడా గొంతుకు దెబ్బే. పెదాలు బిగబట్టి, భుజాలు అదురుతుంటే లేచి వెనకగదిలోకి వెళ్ళిపోయింది. కోపం మాత్రం పోలేదు. నవ్వు కింద అలాగే ఉంది.

మూడో వారం చివర్లో వయొలిన్ మాస్టారు వచ్చాడు. పక్కవీధిలో పిల్లలకు వయొలిన్ నేర్పే పెద్దాయన. పదేళ్ళ కిందట కొన్న మబ్బుదీపం ఆయన దగ్గర ఉండేది. వయొలిన్ వాయించే కమాను తగిలో, పిల్లాడి మోచెయ్యి తగిలో ఏటా ఒకసారి చిరిగేది. ఏటా తెచ్చేవాడు. ఆమె కొత్త కాగితం అతికించి, డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చేది. ఆయనంటే ఆమెకు అభిమానం. సాయంత్రాలు కిటికీ తెరిచి పెట్టుకుంటే, ఆయన ఇంట్లోంచి శ్రుతి తప్పిన పిల్లల పాటలు, వాటిమధ్య ఎప్పుడో ఒకసారి ఆయన వాయించేది వినిపించేవి.

కోడలు వెనకగదిలో జిగురు కలుపుతోంది. ముందుగదిలో అత్తగారి గొంతు వినిపించింది. "కాగితం మార్చాలంటే మూడొందలు."

ఆ తరువాత చెప్పుల చప్పుడు, తలుపు గంట. తొంగి చూసేసరికి మాస్టారు మబ్బును సంచీలో పెట్టుకుని వీధిలోకి దిగిపోతున్నాడు.

ఆమె జిగురు చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది. "మాస్టారూ!" అని ఒక్క కేక వేస్తే చాలు, ఆగేవాడు. కేక నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఇస్త్రీ బండాయన "ఏమైందమ్మా?" అంటున్నా ఆగలేదు. మలుపు దగ్గర ఆయన్ను అందుకుని, ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించింది. వేళ్ళు జిగురుతో అంటుకుపోయి మళ్ళీ విడదీయడం కష్టమైంది.

మాస్టారు కంగారుపడ్డాడు. "అయ్యో, ఏంటమ్మా ఇది? నేనేం అనుకోలేదు. ఇంటికెళ్ళి డబ్బు తేవడానికి బయల్దేరా, అంతే."

ఆమె తల అడ్డంగా ఊపింది. డబ్బు వద్దని సైగ చేసింది.

"వద్దనకు తల్లీ," అన్నాడాయన. సంచీని ఇంకో చేతిలోకి మార్చుకుని, "ఓ మాట చెప్తాను, ఏమీ అనుకోకు. నువ్వు ఇన్నేళ్ళూ డబ్బు తీసుకోకపోతే నాకు ఎంత ఇబ్బందిగా ఉండేదో తెలుసా? పిల్లలు పాఠం నేర్చుకునే గదిలోకి ఓ కొత్త దీపం చేయించుకోవాలని నాకు నాలుగేళ్ళుగా ఉంది. అడుగుదామని ప్రతిసారీ వస్తాను. నువ్వేమో ఈ పాతదాన్ని ఊరికే బాగుచేసి చేతిలో పెడతావు. ఊరికే చేసిపెట్టే మనిషిని ఇంకోటి కూడా చెయ్యమని ఏ మొహంతో అడగను? డబ్బిస్తానంటే తీసుకోవు. ఇవాళ మీ అత్తగారు ధర చెప్పేసరికి, హమ్మయ్య, ఇక అడగొచ్చు అనిపించింది."

తన మంచితనం ఒకరికి బరువు కావచ్చునని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఎలాంటి దీపం అని చేతులతో అడిగింది.

మాస్టారు మొహం వెలిగింది. "కప్ప! లావుపాటి కప్ప, నోరు ఇంత బారున తెరిచి. పిల్లలు శ్రుతి తప్పి బిక్కమొహం వేసినప్పుడు దాన్ని చూసి నవ్వుకోవాలి. అవుతుందా?"

ఎందుకు కాదు! ఆమె అక్కడే, ఆయన సంచీ మీదే, జిగురు వేలితో కప్ప నోరు గీసి చూపించింది. ఇంటికి వస్తూ వస్తూనే మెడ దగ్గర తీగ ఎన్ని చుట్లు తిప్పాలో ఆలోచించుకుంది. దుకాణంలోకి వచ్చి అత్తగారి ఎదుట నిలబడి, ముందు ఒక దణ్ణం పెట్టింది, తరువాత చెయ్యి ఎత్తి గొట్టాల వంక చూపించి, మొహం వికారంగా పెట్టింది. దేనికి దణ్ణమో దేనికి వికారమో అత్తగారికి సగమే అర్థమైంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త ఏదో పని కబురు చెబుతూ, "మీ గొట్టాల హోటలుకే వెళ్ళొచ్చా ఇవాళ," అన్నాడు. "నెలకి రెండుసార్లు పిలుస్తారు, లిఫ్టు తప్పు అంతస్తులో ఆగుతోందని. లిఫ్టుకేం రోగం లేదు. ఆరంతస్తులూ అచ్చు ఒకేలా ఉంటాయి. జనం తలుపు తెరుచుకోగానే ఫోను చూసుకుంటూ దిగేస్తారు, ఎవరిదో గది తాళం తిప్పుతారు, రాకపోతే లిఫ్టుని తిడతారు. ఇవాళ ఓ పెద్దమనిషి వేరేవాళ్ళ తలుపు అరగంట బాదాడట."

కోడలు చేతిలో ముద్దను కంచంలో పెట్టేసింది. ఆమె అట్ట కోసం లేచింది.

మర్నాడు డాక్టరమ్మ మళ్ళీ లైటు వేసి చూసి, "ఇక మాట్లాడొచ్చు, మితంగా," అంది. ఇంటికొచ్చి ఆమె మొదట మాట్లాడింది అత్తగారితోనే. గొంతు కొత్త చెప్పుల్లా కిర్రుమంది.

"అత్తయ్యా, మనం హోటలుకి వెళ్ళాలి."

"ఒప్పుకున్నదాన్ని మార్చమంటే నేను రాను. టికెట్టు ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు."

"వెనక్కి తీసుకోమనడం లేదు. వాళ్ళు కావాలంటే గొట్టాలే చేస్తాను. కానీ ఇంకో ఊరికి టికెట్టు ఎంతో చెప్పి చూద్దాం. కొంటారో మానతారో వాళ్ళిష్టం."

అత్తగారు కోడలివంక కాస్త కొత్తగా చూసింది. "వాళ్ళకు చూపించడానికి రెండు చేసిపెట్టు, అప్పుడు చీర మార్చుకొస్తా," అంది.

ఆరు రోజులు కూర్చుని చేసిన చేపనొకటి, కొంగనొకటి సంచీలో పెట్టుకుని ఇద్దరూ వెళ్ళారు. మేనేజరు గదిలో అద్దాల బల్ల, దానిమీద ఒక్క కాగితమైనా లేదు. కోడలు దీపాలు వెలిగించి చూపించింది. ఒక్కో అంతస్తుకి ఒక్కో ప్రాణి. లిఫ్టు తెరుచుకోగానే చేపలు కనిపిస్తే రెండో అంతస్తు, కొంగలు కనిపిస్తే మూడు, తాబేళ్ళు కనిపిస్తే నాలుగు. అంకె చూడక్కర్లేదు. చిన్నపిల్లలకు కూడా మా గది తాబేళ్ళ దగ్గర అని గుర్తుంటుంది. ఇక ఎవరూ ఎవరి తలుపూ బాదరు.

తలుపు బాదడం అనగానే మేనేజరు మొహంలో ఏదో కదిలింది. "బాగానే ఉంది," అన్నాడు. "ధర?"

చెప్పింది. గొట్టానికి రెండింతలు.

చెప్పాక ఆ గదిలో ఏసీ చప్పుడు వినిపించింది. మేనేజరు చేప నోట్లోకి చూస్తున్నాడు. తోక దగ్గర కాగితం ఒకచోట ముడతపడింది, ఇక్కణ్ణుంచి తనకు స్పష్టంగా కనిపిస్తోంది. అరవై అంటే చాలా కదా, కొంచెం తగ్గిస్తే పోయేదేముంది, అసలు ఎక్కువ చెప్పానేమో, ఆయన మొహం చూస్తే ఎక్కువే అనిపిస్తోంది. మాట గొంతులోంచి బయల్దేరి పళ్ళ దాకా వచ్చింది. పెదాలు విడివడ్డాయి.

పక్కనుంచి అత్తగారి చెయ్యి వచ్చి, దగ్గుబిళ్ళ ఒకటి టక్కున ఆ నోట్లో వేసింది. "గొంతు జాగ్రత్తమ్మా. డాక్టరమ్మ ఏం చెప్పింది?"

ఆమె బిళ్ళ చప్పరిస్తూ కూర్చుంది. అది ఘాటుగా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా ఉంది. సగం కరిగేసరికి మేనేజరు తలెత్తి, "మా యజమానితో మాట్లాడి చెప్తాను," అన్నాడు.

బయటికొచ్చాక ఆమె, "ఎక్కువ చెప్పానా అత్తయ్యా?" అంది.

"నాకేం తెలుసు? చెప్పావు, అంతే. పద, బస్సొస్తోంది."

జవాబు నాలుగు రోజుల దాకా రాలేదు. ఆ నాలుగు రోజులూ ఆమె ఇల్లంతా పిల్లిలా తిరిగింది. చివరికి ఫోను వచ్చింది. ఆరంతస్తుల్లో నాలుగింటికి ప్రాణులు కావాలట, చెప్పిన ధరకే. అన్నిటికన్నా కిందిదానికీ, అన్నిటికన్నా పైదానికీ మాత్రం యజమానికి గొట్టాలే నచ్చాయట. ఇరవై గొట్టాలు. పన్నెండు ఇప్పటికే ఉన్నాయి, ఇంకో ఎనిమిది చెయ్యాలి. ఎనిమిదింటికి ఎవరూ చచ్చిపోరని ఆమే అంది.

ఒక్కతే చేస్తే అయిదు నెలలు పట్టే పని. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడను మధ్యాహ్నాలు కాగితం కత్తిరించడానికి పిలిచి, అడిగిన జీతం అడిగినట్టే ఇచ్చింది. భర్త ఆదివారాలు వచ్చి తీగ తెంపిపెట్టేవాడు. చట్రాలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తాబేళ్ళు మొదట్లో బన్నుల్లా వచ్చాయి. నాలుగోదానికి మెడ కుదిరింది. అత్తగారు కుర్చీ ఖాళీ చెయ్యలేదు, చెయ్యమని ఎవరూ అడగలేదు కూడా. కాకపోతే ఇప్పుడు పెద్ద పనులకు ఒప్పుకునేముందు వెనకగదిలోకి వచ్చి "ఏమంటావు?" అని అడుగుతోంది. కోడలు ఊ అంటేనే ఊ. ఒకసారి పెళ్ళికి మూడొందల గుండ్రటి దీపాలు కావాలని ఎవరో వస్తే కోడలు ఉహూఁ అంది. అత్తగారు ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు గానీ, వాళ్ళను మాత్రం పంపించేసింది.

హోటలు లోపల దీపాలన్నీ వెలిగిన రోజు ముగ్గురూ లిఫ్టులో పైకీ కిందికీ నాలుగుసార్లు తిరిగారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక చేపల గుంపో, కొంగల బారో. మాస్టారి కప్ప కూడా అదే నెలలో తయారైంది. ఆయన దాని ధర పూర్తిగా లెక్కపెట్టి అత్తగారి చేతిలో పోసి, రాజాలాగా వీధిలో కప్పను చంకన పెట్టుకుని నడిచి వెళ్ళాడు. ముందుగది అద్దెకిద్దామన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. బదులుగా మేడ మెట్ల కింద ఖాళీ జాగాను కూడా దుకాణంలో కలుపుదామా అని భర్త టేపు పట్టుకుని కొలుస్తున్నాడు.

దుకాణానికి వారానికొక సెలవు పెట్టాలన్నది అత్తగారి షరతు. అలాంటి ఒక సెలవునాడు ఆమె తలుపు మూసి, ముందుగదిలో నేలమీద కూర్చుని, తన కోసమే ఒక దీపం చేసుకుంటోంది. ఏ ప్రాణీ కాదది. ఏం అవుతుందో ఆమెకే తెలియదు. తీగ ఎటు వంగితే అటు పోనిస్తోంది. చుట్టూ ఏడు రంగుల కాగితపు ముక్కలు.

ఎవరో అద్దం మీద తట్టారు. పెద్ద కారులో వచ్చిన ఒకావిడ. ఆమె లేచి తలుపు ఓరగా తీసింది.

"అది ఎంతండీ?" అంది ఆవిడ, నేలమీదున్నదాన్ని చూపిస్తూ.

"అది అమ్మడానికి కాదండీ."

"ఎంతైనా ఫర్వాలేదు, చెప్పండి."

"లేదండీ. అది నాది," అంది ఆమె. అని, ఇంకేమీ కలపలేదు. వంకరగా ఉందనీ అనలేదు, ఏమీ అనుకోవద్దనీ అనలేదు.

కారావిడ నిట్టూర్చి, రేపు వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. మేడమీంచి అత్తగారి గొంతు వినపడింది.

"ఎంతిస్తానంది?"

"మీరు పడుకోండి అత్తయ్యా, ఇవాళ సెలవు!" అని ఆమె ఇంటి కప్పు ఎగిరేలా కేక వేసి, తలుపు గొళ్ళెం పెట్టుకుని, మళ్ళీ తీగ చేతిలోకి తీసుకుంది.